ఎత్తని చెయ్యి

ఓరెస్ట్ డానిల్‌చుక్ ఒక్కచోట కుదురుగా కూర్చోవడం చూసినవాళ్లు మార్చ్‌ఫీల్డ్ ఊళ్లో ఎవరూ లేరు. కూర్చున్నా కుడి మోకాలు ఆడుతూనే ఉంటుంది. మాట్లాడుతూ లేస్తాడు, కిటికీ దగ్గరికి వెళ్తాడు, మంచు ఎంత పడిందో చూస్తాడు, వచ్చి కూర్చుంటాడు, మళ్లీ లేస్తాడు. అలాంటి మనిషి రాజధాని రెజైనాలో శాసనసభ బల్ల వెనక పద్దెనిమిదేళ్లు ఎలా గడిపాడన్నది ఊరికి అర్థం కాని సంగతి.

"ఎలా కూర్చున్నావురా అన్నేళ్లు?" అని అక్క వెర్నా అడిగితే, "నేనెక్కడ కూర్చున్నానక్కా, కూర్చోబెట్టారు" అనేవాడు.

నిజమే. శాసనసభలో అతన్ని విప్ లెమ్మంటే లేచాడు, కూర్చోమంటే కూర్చున్నాడు. అంతకు ముందు ఊళ్లో ట్రాక్టర్ల డీలరు దగ్గర విడిభాగాల కౌంటర్లో పనిచేసేవాడు. కోతల రోజుల్లో ఏ బేరింగో విరిగి రైతు పరుగెత్తుకొస్తే, ఓరెస్ట్ నోట 'లేదు' అన్న మాట వచ్చేది కాదు. "తెప్పిస్తాను" అనేవాడు. తెప్పించేవాడు కూడా, సొంత పికప్ వేసుకుని మూడు ఊళ్లు తిరిగైనా సరే. ఆ ఒక్క గుణం చూసే పార్టీవాళ్లు వచ్చి నిలబడమన్నారు. దానికీ కాదనలేదు. రైతులంతా కౌంటరు మనిషికి ఓటేసి పంపారు.

ఎమ్మెల్యేగా చేసినంత కాలం కాళ్లకి చక్రాలే. ఎవరి రోడ్డు గుంట పడినా, ఎవరి పింఛను ఆగినా, ఎవరి తల్లి పోయినా ఓరెస్ట్ అక్కడ ఉండేవాడు. చర్చి వంటింట్లో ఆడవాళ్లు కజ్జికాయల్లాంటి పెరోగీలు చుడుతుంటే నడుముకి గుడ్డ కట్టుకుని పక్కన నిలబడేవాడు. పెళ్లి చేసుకునే తీరిక దొరకలేదని అతనంటాడు. దొరికిన పిల్ల పక్కన పది నిమిషాలు కూర్చునే ఓపిక లేదని వెర్నా అంటుంది. అక్క మాటే నిజమని నా అనుమానం.

మంత్రి పదవి మాత్రం రాలేదు. "డానిల్‌చుక్ బంగారం లాంటి మనిషి. వాడికి శాఖ ఇస్తే అడిగినవాడికల్లా సరేనని ఖజానా ఖాళీ చేసి తాళం వేయిస్తాడు" అన్నాడట ముఖ్యమంత్రి. చివరి నాలుగేళ్లు డిప్యూటీ స్పీకర్ని చేశారు. అదేదో చిన్నచూపు చూసి ఇచ్చిన పదవి అని తోటివాళ్లు జాలిపడ్డారు గానీ, ఓరెస్ట్‌కి ఆ కుర్చీ ప్రాణంగా నచ్చింది. అధ్యక్ష స్థానంలో ఉన్నవాడికి చెయ్యి ఉండదు. అటువాళ్లు ఎత్తుతారు, ఇటువాళ్లు ఎత్తుతారు, అతను లెక్క చెబుతాడు. రెండు పక్షాలూ సరిసమానమైతేనే అతని ఓటు, అది ఆ నాలుగేళ్లలో ఒక్కసారీ రాలేదు. ఎవరికీ చెడ్డ కాకుండా బతకడానికి అంతకంటే హాయైన చోటు ఇంకేం కావాలి!

ఆ తర్వాత గాలి మారింది, పార్టీతో పాటు అతనూ కొట్టుకుపోయాడు. ఇంటికొచ్చి పడ్డాడు. పొద్దున్నే కాఫీ కొట్లో ముసలివాళ్ల బల్ల దగ్గర కూర్చునేవాడు. కాఫీ డబ్బులు ఎవరివ్వాలో పాచికలు వేసి తేల్చుకునే బల్ల అది. పాచికలు తన వంతుకి వచ్చేసరికి ఇతను తలుపు దగ్గర ఉండేవాడు.

"ఎమ్మెల్యే గారూ, వచ్చి కూర్చోండి. ఇక్కడ విప్ ఎవరూ లేరు లెండి, భయపడకండి" అని ఎగతాళి చేసేవాళ్లు.

"వస్తున్నా, వస్తున్నా. వీధిలో ఆ మంచు లారీ ఏం చేస్తోందో చూసి వస్తా."

ఖాళీ అతన్ని తినేసింది. రాత్రి నిద్ర లేదు, పగలు నిలకడ లేదు. అలాంటి సమయంలో, ఉన్న మేయరు చలి భరించలేక రాజీనామా ఇచ్చి వాంకూవర్ దీవికి మకాం మార్చేశాడు. మిగిలిన ఏడాది కాలానికి ఉప ఎన్నిక పెట్టారు. ఓరెస్ట్ ఆ అక్టోబరులో తొక్కని గడప లేదు. గెలిచాడు. గెలిచిన మర్నాడే తెల్లారకుండా మంచు తీసే బండి వెనకాల పికప్‌లో తిరుగుతూ కనిపించాడు.

"బతికాం. వీడికి మళ్లీ పని దొరికింది" అంది వెర్నా.

కౌన్సిల్లో పార్టీలు లేవు. ఆరుగురు సభ్యులు, ఏడో మనిషి మేయరు. మొదటి రెండు నెలలూ వచ్చినవన్నీ చిల్లర విషయాలు. అందరూ చేతులెత్తేవాళ్లు, వాళ్లతో పాటు ఇతనూ ఎత్తేవాడు, అదీ ఓటేనన్న ఆలోచన లేకుండానే. అసలు విషయం జనవరిలో వచ్చింది.

మార్చ్‌ఫీల్డ్‌ని రైలు పట్టాలు నిలువునా చీలుస్తాయి. ఆసుపత్రి, బజారు, పెద్ద ఫైర్ స్టేషన్ పట్టాలకి దక్షిణాన ఉన్నాయి. ఉత్తరాన పాత ఇళ్లు, పాత మనుషులు, ఒక చిన్న ఫైర్ స్టేషన్. గోధుమల రైలు వచ్చి గేటు పడిందంటే ఎంతసేపటికి లేస్తుందో ఆ రైలుకే తెలియాలి. ఉత్తరం వైపు ఇంట్లో ఎవరికి గుండె పట్టేసినా ముందు వచ్చేది ఆ చిన్న స్టేషన్ కుర్రాళ్లే. వెర్నా భర్త మైరాన్ ఊపిరితిత్తులు పాడై, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో బతుకుతున్నాడు. అతన్ని ఇప్పటికి రెండుసార్లు బతికించింది వాళ్లే.

ఆ స్టేషన్ ఫిబ్రవరి ఆఖరికి మూసేయాలన్నాడు గార్త్ పెన్నర్. గార్త్ కౌన్సిల్ సభ్యుడు, ఉపమేయరు, ఊళ్లో బీమా వ్యాపారం. చెడ్డవాడేం కాదు, పన్ను ఒక్క పైసా పెరిగినా సొంత జేబు కోసినట్టు గిలగిలలాడే మనిషి, అంతే. మూయకూడదని జోలీన్ ఫిడ్లర్ తీర్మానం పెట్టింది, అది నెగ్గకపోతే స్టేషన్ మూతపడినట్టే. ఆమెది ఉత్తరం వార్డే. ఒక సభ్యుడు అప్పటికే చలికి జడిసి అరిజోనా పారిపోయాడు. మిగిలింది ఐదుగురు, మేయరు.

ఆ సాయంత్రం హాలు నిండిపోయింది. వెర్నా ముందు వరసలో కోటు విప్పకుండా కూర్చుంది. అంతకు ముందే తమ్ముణ్ణి వరండాలో పట్టుకుని, "నువ్వు మావైపేగా?" అని అడిగింది.

"ఏం మాటక్కా అది! ఆ స్టేషన్ ఎక్కడికీ పోదు" అన్నాడు ఓరెస్ట్. మనస్ఫూర్తిగానే అన్నాడు.

లోపలికి వెళ్లే దారిలో గార్త్ పట్టుకున్నాడు. "ఖర్చు చూశావుగా ఓరెస్ట్? ఆలోచించు."

"ఆలోచిస్తున్నాను గార్త్, నీ మాట కూడా నిజమే" అన్నాడు. అదీ మనస్ఫూర్తిగానే అన్నాడు, అదే అతని జబ్బు.

చర్చ అయింది. ఓటింగు. తీర్మానానికి అనుకూలంగా జోలీన్, ఇంకో ఇద్దరు చేతులెత్తారు. వ్యతిరేకంగా గార్త్, ఇంకొకరు. ఓరెస్ట్ పెద్ద కుర్చీలో కూర్చుని అటు మూడు, ఇటు రెండు అని లెక్కపెట్టుకున్నాడు. సమానం కాలేదు, అధ్యక్షుడితో పని లేదు. గుండెల మీంచి బరువు దిగిపోయింది. సుత్తి ఎత్తి బల్ల మీద టప్పున కొట్టాడు.

"తీర్మానం నెగ్గింది!"

హాలంతా చప్పట్లు. వెర్నా లేచి నిలబడి మరీ కొట్టింది. ఆ గోలలో సిటీ క్లర్కు కొరీన్ లాఫ్లెష్ కుర్చీ జరుపుకుని లేవడం ఎవరూ చూడలేదు.

"ఓడిపోయిందండీ మేయర్ గారూ" అందామె మెల్లిగా.

"ఏంటమ్మా?"

"మీరు చెయ్యి ఎత్తలేదు."

"నేను అధ్యక్షుణ్ణి కదమ్మా! సమానమైతే కదా నా ఓటు?"

"అది శాసనసభలోనండీ. ఇక్కడ మేయరుదీ అందరిలాగే ఒక ఓటు. ఎత్తకుండా ఊరుకుంటే వద్దన్నట్టు లెక్క. మూడు, మూడు. సమానమైతే తీర్మానం పోయినట్టే."

ఇంట్లో ఎవరైనా ఏమీ అనకుండా ఊరుకుంటే సరేనన్నారని అనుకుంటాం కదా! ఆ చట్టం రాసినవాళ్లు తిరగేసి రాశారు. ఓరెస్ట్ మొహం సున్నం కొట్టినట్టయింది. "అయితే ఇప్పుడు ఎత్తుతున్నా! ఇదిగో!" అని చెయ్యి ఎత్తాడు. కంగారులో రెండోది కూడా ఎత్తాడు.

"ఫలితం చెప్పేశాక చెయ్యి ఎత్తితే ఎలా ఓరెస్ట్?" అన్నాడు గార్త్. ఎగతాళిగా కాదు, మామూలుగానే అన్నాడు.

చప్పట్లు ఆగిపోయాయి. వెనక నించి ఎవరో ముసలాయన, "ఒరేయ్, పద్దెనిమిదేళ్లు జీతం తిని నేర్చుకుంది ఇదా!" అని అరిచాడు.

మర్నాడు పొద్దున్నే ఓరెస్ట్ ఊరి రేడియోకి పరుగెత్తాడు. "అది నా ఓటు కానే కాదు. పాత అలవాటు, పొరపాటు. నేను స్టేషన్ ఉండాలనే అంటున్నాను" అని మైకులో మొత్తుకున్నాడు. ఊరు నవ్వింది. కాఫీ బల్ల దగ్గర, "మేయర్ గారికి భుజం నొప్పట, చెయ్యి లేవడం లేదట, కాఫీ కప్పు మనమే పట్టాలి" అన్నారు. ఓరెస్ట్ కూడా నవ్వాడు. నవ్వుతున్నారంటే క్షమించేసినట్టే అనుకున్నాడు. వచ్చే సమావేశంలో సరిచేసేస్తే సరిపోతుందని కొరీన్ గదికి వెళ్లాడు.

"అంత సులువు కాదండీ" అంది కొరీన్. "పోయిన తీర్మానాన్ని ఏడాది దాకా మళ్లీ తేకూడదు. గెలిచిన పక్షం వాళ్లెవరైనా తెస్తే మాత్రం తేవచ్చు."

"గెలిచిన పక్షం ఎవరు?"

"వద్దన్నవాళ్లు. గార్త్ గారు, ఇంకొకాయన. చట్టం లెక్కన మీరూ."

ఓరెస్ట్ కుర్చీలోంచి ఎగిరినంత పని చేశాడు. "ఇంకేం! నేనే తెస్తాను!"

"తెస్తే మీరు కుర్చీ దిగి కింద కూర్చోవాలి, గార్త్ గారు పైన కూర్చుంటారు. ఆయన మొదట అడిగేది ఒకటే. మీరు వద్దన్నారా, లేదా అని. నా ఓటు కాదని రేడియోలో చెప్పారు. మీ ఓటు కాకపోతే తెచ్చే హక్కు మీకు లేదు. మీ ఓటే అయితే తేవచ్చు. రెండూ ఒకేసారి కుదరవండీ."

"అంటే నేను లేచి నిలబడి, అక్క ముందు, ఊరి ముందు, స్టేషన్ వద్దన్నది నేనేనని చెప్పాలా?"

"స్టేషన్ ఉండాలంటే అంతే."

"మరి రేడియోలో చెప్పింది?"

కొరీన్ ముందున్న ఫైలు మూసింది.

ఆ వారమంతా ఓరెస్ట్ కాలు నిలవలేదు. గార్త్ బీమా ఆఫీసుకి రెండుసార్లు వెళ్లి బయట నించే తిరిగొచ్చాడు. మూడోసారి లోపలికి వెళ్లాడు. "నువ్వే తేవయ్యా గార్త్, నీకు పుణ్యముంటుంది. నేను నీ మీద ఈగ వాలనివ్వను" అని బతిమాలాడు.

"నేను మూసేయాలనే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. నేనెందుకు తెస్తాను?" అన్నాడు గార్త్. "నీకు కావాలంటే నువ్వు తే. ఓడినా నాకు బాధ లేదు. కానీ ఊరికి ఒక మాట, సభకి ఒక మాట చెబుతానంటే మాత్రం నా ముందు కుదరదు. పద్దెనిమిదేళ్లుగా నిన్ను చూస్తున్నాను. నీకు ఫలానా విషయం మీద ఫలానా అభిప్రాయం ఉందని నాకు ఇంతవరకు తెలియదు."

ఆ మాట ఈడ్చి కొట్టినట్టే తగిలింది. అక్కడ్నించి వెర్నా ఇంటికి బయల్దేరాడు. గేటు పడి ఉంది. గోధుమల రైలు వచ్చి, సగం దాటి, ఆగిపోయింది. ఓరెస్ట్ పికప్‌లో ఉండలేకపోయాడు. దిగాడు. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టే చలి, గాలి చెవులు కోస్తోంది. గేటు ముందు ఇటు నించి అటు, అటు నించి ఇటు నడిచాడు. అవతల, కనుచూపు మేరలో, అక్క ఇంటి పొగగొట్టం. ఇప్పుడు మైరాన్‌కి ఊపిరి ఆగితే? ఇటు నించి ఫైరింజను వచ్చి ఇదిగో ఇలాగే, ఇక్కడే నిలబడాలి. తను మేయరు. పెట్టెల కింద దూరి వెళ్లనూ లేడు, రైలుని తొయ్యనూ లేడు. ఇంజను ముందు నిలబడి కేకలేద్దామన్నంత పిచ్చి పుట్టింది.

అప్పుడే మరో సంగతి తట్టింది, తట్టాక అతన్ని వదల్లేదు. ఆ రోజు మూడు, రెండు అని లెక్క తేలగానే గుండెల మీంచి బరువు దిగింది కదా, అది స్టేషన్ నిలిచిందన్న సంతోషమేనా? చెయ్యి ఎత్తే అవసరం లేకుండానే పని అయిపోయింది, గార్త్ దగ్గరా మంచివాడే, అక్క దగ్గరా మంచివాడే అన్న సుఖం కాదూ? సిగ్గుతో ఆ చలిలోనూ అతని ఒళ్లు వేడెక్కింది. రైలు కదిలింది, గేటు లేచింది, వెనక బండ్లు హారన్లు కొట్టాయి. ఓరెస్ట్ పికప్ ఎక్కి, అక్క ఇంటికి వెళ్లకుండా వెనక్కి తిప్పాడు.

ఫిబ్రవరి సమావేశం. అరిజోనా సభ్యుడు ఎండకి నల్లబడి తిరిగొచ్చాడు. అతను జోలీన్ పక్షమేనని అందరికీ తెలుసు, కానీ తీర్మానం బల్ల మీదికి వస్తేనే కదా! హాలు మళ్లీ నిండింది. ఓరెస్ట్ లేచి, పెద్ద కుర్చీ గార్త్‌కి అప్పగించి, కిందికి దిగి నిలబడ్డాడు.

"పోయిన తీర్మానాన్ని మళ్లీ చర్చకి తేవాలని కోరుతున్నాను."

"గెలిచిన పక్షంలో ఓటేసినవాళ్లే కోరాలి. మేయర్ గారు ఆ రోజు ఏమని ఓటేశారు?" అన్నాడు గార్త్.

"వద్దని."

హాల్లో కలకలం. గార్త్ ముందుకి వంగాడు. "నా ఓటు కాదని రేడియోలో చెప్పారు. పొరపాటన్నారు."

వెర్నా తమ్ముడి వంకే చూస్తోంది. 'అవును, పొరపాటే' అంటే చాలు, ఊరంతా మళ్లీ నవ్వేస్తుంది. స్టేషన్ పోతుంది.

"రేడియోలో చెప్పింది తప్పు. ఆ ఓటు నాదే. స్టేషన్ వద్దన్నది నేనే" అన్నాడు ఓరెస్ట్.

"దొంగ వెధవా!" అని ఎవరో అరిచారు. "అక్క మొగుణ్ణి చంపుకుంటావురా?" అని ఇంకో గొంతు. గార్త్ సుత్తి కొట్టి, "కోరిక సబబే" అన్నాడు. తీర్మానం బల్ల మీదికి వచ్చింది. ఈసారి ఓరెస్ట్ అందరికంటే ముందు చెయ్యి ఎత్తి, కొరీన్ పేరు పేరునా రాసుకునేదాకా దించలేదు. ఐదుగురు అటు, ఇద్దరు ఇటు. స్టేషన్ నిలిచింది. జనం వెళ్లి జోలీన్‌ని కావలించుకున్నారు. ఓరెస్ట్ దగ్గరికి ఎవరూ రాలేదు. వెర్నా కోటు బొత్తాలు పెట్టుకుని, తలొంచుకుని వెళ్లిపోయింది.

ముందు మూసేయాలన్నాడు, తర్వాత రేడియోలో అబద్ధమాడాడు, ఊరు తిరగబడేసరికి భయపడి ప్లేటు ఫిరాయించాడు. ఊరు ఒప్పుకున్న కథ ఇది. విడమరచి చెబుదామని ఓరెస్ట్‌కి ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. ఏం చెప్పాలి? చెయ్యి ఎత్తలేదన్నది నిజం. నవంబరు ఎన్నికల్లో గార్త్ నిలబడ్డాడు. "నేను మూయాలన్నాను, మొహం మీదే చెప్పాను" అన్నాడు ఇంటింటికీ వెళ్లి. ఆశ్చర్యం ఏంటంటే ఉత్తరం వైపు కూడా ఆ మాటకే ఓట్లు పడ్డాయి. ఓరెస్ట్ ఓడిపోయాడు.

ఓడిన మర్నాడు మధ్యాహ్నం వెర్నా వచ్చింది, చేతిలో క్యాబేజీ చుట్టల గిన్నెతో. నెలల తర్వాత ఆ ఇంటికి రావడం. ఓరెస్ట్ వంటింట్లో నిలబడే తిన్నాడు.

"మొన్న మైరాన్‌కి మళ్లీ ఆయాసం వచ్చిందిరా. స్టేషన్ కుర్రాళ్లు వచ్చారు, మాస్కు పెట్టారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, టీవీ చూస్తూ నన్ను తిడుతున్నాడు" అంది.

"మంచిది" అన్నాడు.

"ఒరేయ్."

"ఊఁ."

"ఆ మొదటి రోజు చెయ్యి ఎందుకు ఎత్తలేదురా?"

ఊళ్లో ఎవరూ అడగని ప్రశ్న అది. పాత అలవాటని రేడియోలో చెప్పిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"అందరి దగ్గరా మంచివాణ్ణి అనిపించుకుందామని అక్కా."

వెర్నా ముక్కు ఎగబీల్చింది.

"నిన్న ఓటుకి బయల్దేరాను. కోటు కూడా వేసుకున్నాను. నీకు వేస్తే పక్కింటివాళ్ల మొహం చూడలేను. వెయ్యకపోతే నీ మొహం చూడలేను" అంది. "వెళ్లలేదురా. ఇంట్లోనే కూర్చున్నాను."

కోపం వస్తుందేమోనని ఓరెస్ట్ ఎదురుచూశాడు. రాలేదు. అక్క చేతిలో ఖాళీ గిన్నె అందుకుని, కడిగి, తుడిచి ఇచ్చాడు.